అల్లుడిగారి మట్టి పిట్టలు

సూర్యాపేటలో మట్టి పిట్టలను కాల్చే క్లబ్బు ఒకటి ఉండేదంటే ఇప్పుడెవరూ నమ్మరు. మా ఇంట్లో పిల్లలైతే ముసలాయన కోతలు కోస్తున్నాడని నవ్వుతారు. ఆ కాలం గురించి నన్ను అడగడానికి వచ్చేవాళ్లకు కాలిపోయిన ఊళ్లు కావాలి, లాఠీలు కావాలి, అడవుల్లో తిరిగిన దళాలు కావాలి. అవన్నీ ఉన్నాయి, లేవని నేననను. వాటికి కొంచెం ముందు, వాటి మధ్యలో కూడా, శుక్రవారం శుక్రవారం ఊరి బయట రాళ్ల నేలలో కొందరు పెద్దమనుషులు కోట్లు తొడుక్కుని నిలబడి, గాలిలోకి ఎగిరే మట్టి బిళ్లలను తుపాకులతో కొట్టేవాళ్లు. హైదరాబాదు రాజ్యంలో సర్కారు కచేరీలకు సెలవు శుక్రవారమే. ఆ క్లబ్బుకు సెక్రటరీని నేను.

క్లబ్బు పెట్టింది మా పెద్ద వకీలుగారు. సూర్యాపేట కోర్టులో నేను ఆయన దగ్గర జూనియర్‌ని. ఒకసారి పని మీద సికింద్రాబాదు వెళ్లి, అక్కడ తెల్ల ఆఫీసర్లు ఈ ఆట ఆడటం చూసి వచ్చారు. ఇక ఆయనకు నిద్ర పట్టలేదు. అసలు బిళ్లలు ఇంగ్లీషువాళ్ల సీమ నుంచి పెట్టెల్లో వస్తాయట. తారు కలిపి చేసినవట, తూటాలోని ఒక్క సీసపు రవ్వ తగిలితే చాలు పొడి అయిపోతాయట. అవి మాకెక్కడ దొరుకుతాయి? అందుకని మా కుమ్మరాయనను పిలిపించి, అరచేయంత మూకుళ్లు పల్చగా చేసి పెట్టమన్నారు. ఆయన శ్రద్ధగా చేసి, శ్రద్ధగా కాల్చి తెచ్చాడు. రవ్వలు తగిలి టంగుమని మోగాయి తప్ప ఒక్కటీ పగల్లేదు. అవి పగలాలని వకీలుగారు చెబితే ఆయన నమ్మలేకపోయాడు.

"పలగనీకి ఎవలన్న చేపిచ్చుకుంటరా అయ్యా?" అన్నాడు.

చివరికి మట్టిలో బూడిద, ఊక ఎక్కువ కలిపి, సగం సగం కాల్చి ఇచ్చాడు. విసిరే పని కూడా ఆయన మీదే పడింది. ఒక వెదురు కర్ర చివర చీల్చి, ఆ చీలికలో బిళ్లను ఇరికించి, మట్టికట్ట వెనక కూర్చునేవాడు. కాల్చే మనిషి వదలమంటూ "ఛోడ్!" అని కేకపెట్టగానే కర్రను విదిలించేవాడు. బిళ్ల గిర్రున తిరుగుతూ పైకి లేచేది. దాన్ని మేం పిట్ట అనేవాళ్లం.

సెక్రటరీ అంటే అదేదో హోదా అనుకునేరు. పోలీసు అమీన్ సాబ్ దగ్గర అనుమతి నేనే తేవాలి. తూటాలు హైదరాబాదు నుంచి నేనే తెప్పించాలి. పొద్దున్నే వెళ్లి గొర్లకాపరులను బతిమాలి మందను అవతలికి తోలించాలి. ముందు ఎవరు కాల్చాలన్న దాని మీద పెద్దమనుషులు అలిగితే నేనే వెళ్లి గడ్డం పట్టుకోవాలి. ఇంత చాకిరీ చేసి, మా నాన్న వదిలిపోయిన ఒంటి గొట్టం తుపాకితో నా వంతు వచ్చినప్పుడు నాలుగు పిట్టలు కాల్చుకునేవాణ్ని. ఒకటో రెండో తగిలేవి. పగిలిన పిట్ట ఎర్రటి దుమ్ముగా విడిపోయి కిందికి దిగుతుంటే చూడటం నాకు చాలా ఇష్టం. వారమంతా కోర్టులో తిన్న చీవాట్లు అప్పుడు మరిచిపోయేవాణ్ని.

మా అక్కను మిర్యాలగూడ అవతల, త్రిపురారం దారిలో ఒక ఊరికి ఇచ్చాం. బావకు భూములున్నాయి, రెండంతస్తుల ఇల్లుంది. ఊరివాళ్లచేత ఊరకే చాకిరీ చేయించుకునేవాడు, ఆ చుట్టుపక్కల మిగతా దొరల్లాగే. ఇంట్లో మాత్రం అక్కను ఒక్క మాట అనేవాడు కాదు. ఆమెకు జ్వరం వస్తే తానే దగ్గర కూర్చుని గంజి తాగించేవాడు. ఈ రెండూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచడం నాకు చేతకాదు.

ఒక దసరాకు అత్తవారింటికి వచ్చినప్పుడు బావ తన జంట గొట్టాల తుపాకి తెచ్చుకుని క్లబ్బుకు వచ్చాడు. వాళ్లమ్మ జీవహింస చేయనని ఒట్టు వేయించుకుంది కనక ఆ తుపాకితో ఆయన ఎన్నడూ వేటకు పోలేదు. తండ్రి నాటి నుంచి గోడకు వేలాడుతూ ఉండేది. మట్టి పిట్టలంటే ఒట్టు తప్పినట్టు కాదని సంబరపడ్డాడు. ఆ రోజు ఆయన కాల్చిన వాటిలో ఒక్కటంటే ఒక్కటి పగల్లేదు. ఎవరూ నవ్వలేదు గానీ, నవ్వకుండా ఉండటానికి అందరూ ఎంత కష్టపడుతున్నారో ఆయనకు తెలిసిపోయింది. మొహం మాడ్చుకుని, చాయ్ కూడా తాగకుండా బండెక్కాడు.

మా దగ్గర ఒక ఇంటి అల్లుడంటే వాడంతటికీ అల్లుడే. పెద్ద వకీలుగారికి ఆ రాత్రి అన్నం సహించలేదట. మర్నాడు నన్ను పిలిచారు.

"అల్లుడు చిన్నబోయి పోయిండు. పేట మర్యాద ఏమి గావాలె? ఏదన్న ఉపాయం జూడు."

ఉపాయం నేను చూడలేదు, ఆయనే చూశారు. కుమ్మరాయనచేత వేరే రకం బిళ్లలు చేయించారు. అవి కాల్చినవి కావు, ఎండబెట్టినవి. రెండు చెక్కలుగా చేసి, మధ్యలో జొన్నగంజితో అతికించినవి. కర్ర విదిలిస్తే ఆ తిరుగుడుకే పైకి పోయాక అతుకు ఊడిపోతుంది. తుపాకి పేలడం, పిట్ట విడిపోవడం ఇంచుమించు ఒకేసారి జరుగుతాయి. అక్కడక్కడ ఒకటి ఊడకుండా నేలకు వచ్చేది. అదీ మంచిదే అయింది, ఒకటి రెండు తప్పితేనే కదా నమ్మకం. వీటిని మోదుగాకులు కప్పిన వేరే గంపలో పెట్టి, అల్లుడిగారి పిట్టలు అని పేరు పెట్టుకున్నాం.

మరుసటిసారి బావ వచ్చినప్పుడు "ఛోడ్!" అన్నాడు, పేల్చాడు, పిట్ట విడిపోయింది. అందరూ "సెబాష్!" అని చప్పట్లు కొట్టారు. ఆయన మొహంలో వెలుగు చూసి నాకూ కడుపు నిండింది. అబద్ధమని తెలిసి కూడా నిజంగానే సంతోషం వేసింది. అప్పట్నుంచి వీలున్న ప్రతి శుక్రవారం మిర్యాలగూడ నుంచి సూర్యాపేటకు వచ్చేవాడు. రెండేళ్లు గడిచేసరికి క్లబ్బులో ఆయనను మించిన గురిగాడు లేడని ఆయన నమ్మాడు. మేం నమ్మించాం.

"ఒక కన్ను ఎందుకు మూస్తవు బామ్మర్దీ? రెండు కండ్లు దెర్వాలె. పిట్టకు జర ముందుగాల కొట్టాలె" అని నాకు పాఠాలు చెప్పేవాడు. నాకు ఒళ్లు మండేది. నాకు వేసేవి కాల్చిన పిట్టలు, వాటిలో ఒకటి పగిలితే అది నా కష్టం. ఒకసారి ఉండబట్టలేక అక్కకు అసలు సంగతి చెప్పేశాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

"చెప్పకు తమ్మీ, నీకు పుణ్యముంటది. ఆయనకున్న సంబురం గదొక్కటే" అంది.

తర్వాత రోజులు చెడ్డాయి. ఇంగ్లీషువాళ్లు పోయారు, మా రాజ్యం ఎటు పోతుందో ఎవరికీ తెలియలేదు. తుపాకులు పట్టుకుని నలుగురు ఒకచోట చేరితే ఒప్పుకునేది లేదని అమీన్ సాబ్ కబురు పెట్టాడు. క్లబ్బు ఆ శుక్రవారంతో ఖతం. ఆ తర్వాత తుపాకులు స్టేషన్లో అప్పగించమన్నారు. నేను అప్పగించాను. నాన్న తుపాకిని అక్కడ చెక్క బీరువా పక్కన, మిగతావాటితో కలిపి కట్టెల్లాగా ఆనించి పెట్టారు. ఇంటికి వచ్చి ఏడ్చాను. తుపాకి కోసం కాదు, శుక్రవారాల కోసం.

పల్లెల్లో ఇంకా ఘోరంగా ఉండేది. రాజ్యం తరఫున తిరిగేవాళ్లు పగలు వచ్చేవాళ్లు, దొరల మీద తిరగబడిన సంఘంవాళ్లు రాత్రి వచ్చేవాళ్లు. ఇంట్లో తుపాకి ఉందని తెలిస్తే ఇద్దరికీ అదే కావాలి. ఇవ్వనన్న ఇల్లు మర్నాటికి ఉండేది కాదు. ఉన్నవాళ్లంతా పెట్టెబేడా బండ్లకెత్తుకుని కోదాడ మీదుగా రాజ్యం సరిహద్దు దాటి బెజవాడ వైపుకు పోతున్నారు. మా పెద్ద వకీలుగారు అందరికంటే ముందే బెజవాడ చేరారు. సూర్యాపేట మర్యాద సంగతి ఆయనకు మళ్లీ గుర్తుకు వచ్చిందో లేదో నాకు తెలియదు.

బావ మాత్రం కదల్లేదు. తుపాకి అప్పగించలేదు కూడా.

ఆ ఎండాకాలంలో, అమ్మకు బాగాలేదన్న వంకతో అక్క ఒక్కతే మా ఇంటికి వచ్చింది. మనిషి సగమైంది. అమ్మను పలకరించి, నన్ను పెరట్లోకి పిలిచింది. బాయి గట్టు మీద కూర్చుని, ఎదురుగా ఉన్న గోడను చూస్తూ మాట్లాడింది.

"మా ఇంటి ముంగట రెండిండ్లు ఖాళీ అయినయ్ తమ్మీ. మొన్న మా పాలేరు గూడ పోయిండు. పోయేటోడు ఊకె పోకుండ, అమ్మా మీ మీదికి వస్తరు, జల్ది పోండ్రి అని చెప్పి పోయిండు."

"బావ ఏమంటడు?"

"ఏమంటడు? మేడ మీద కూసుంట అంటడు. ఎంతమంది వచ్చినా మెట్లెక్కకముందే పడగొడ్త, నా గురి మీకు ఎర్కలేదా అంటడు. తూటాలు గూడ తుడిసి పెట్టుకున్నడు." కొంగు కొసను వేలికి చుట్టుకుంది. "ఆ గురి నమ్ముకొనే కూసున్నడు తమ్మీ. అది లేదని తెలిస్తే లేస్తడు."

"నువ్వే చెప్పరాదు?"

"పెండ్లాం చెప్తే మొగోడు తట్టుకుంటడా? నువ్వు చెప్పు. చెప్తే నమ్మడు, సూపియ్యాలె. నేను చెప్పమన్నట్టు మాత్రం ఎన్నడు బయట పెట్టకు. నా సంసారం నాశనమైతది."

ఒట్టు వేయించుకోలేదు. వేయించుకోవలసిన పని లేదని ఆమెకు తెలుసు.

కుమ్మరాయన ఇంటికి వెళ్లాను. ఆవం చల్లారి చాలా రోజులైంది. ఒక మూల అల్లుడిగారి పిట్టల పాత గంప ఒకటి ఉంటే ఇచ్చాడు, మోదుగాకులు ఎండి పొడి అయిపోయాయి. ఎందుకని అడగలేదు. వెదురు కర్ర కూడా తీసుకున్నాను. దారిలో సోదా చేసే నాకా దగ్గర జవాను గంపను కట్టెతో కదిలించి ఏమిటన్నాడు. మూకుళ్లన్నాను. మిర్యాలగూడలో బస్సు దిగి, అక్కడి నుంచి బండి కట్టించుకుని ఊరు చేరేసరికి పొద్దు వాలింది. దారి పొడుగునా ఆ బిళ్లలు బండి కుదుపులకు పగిలిపోతే బాగుండునని అనుకున్నాను. గడ్డి మరీ జాగ్రత్తగా కప్పింది నేనే.

బావ నన్ను చూసి ఎంతో సంతోషించాడు. ఆ భయంలో ఇంటికి వచ్చిన చుట్టాన్ని నేనొక్కణ్నే. గంప చూసి కళ్లు మెరిశాయి.

"పిట్టలు తెచ్చినవా వకీలు? నువ్వురా నా బామ్మర్దివి! దా, పొద్దుగూకక ముందే కొడుదాం."

ఇంటి వెనక కల్లంలోకి వెళ్లాం. అక్క వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఉంది. నేను అటు చూడలేదు. బావ తూటాలు ఎక్కించి, కాళ్లు ఎడంగా పెట్టి, "ఛోడ్!" అన్నాడు.

నేను విసరలేదు.

"బావా, ఈసారి పేల్చకు. తుపాకి దించి ఊకె సూడు" అన్నాను.

ఏదో వేళాకోళం అనుకుని నవ్వుతూ దించాడు. కర్ర విదిలించాను. పిట్ట లేచింది, గిర్రున తిరిగింది. ఖాళీ ఆకాశంలో, ఏ చప్పుడూ లేకుండా, దానంతటదే రెండు చెక్కలై కింద పడింది.

ఆయన నవ్వు మొహం మీదే ఉండిపోయింది. "ఇంకోటి" అన్నాడు. విసిరాను. అదీ విడిపోయింది. "ఇంకోటి" అన్నాడు. మూడోది విడిపోకుండా వచ్చి దుమ్ములో పడింది. ఆయన వెళ్లి దాన్ని తీసి, బొటనవేలితో మధ్యలో నొక్కాడు. చేతిలోనే రెండయింది. అతుకు దగ్గర తెల్లగా గంజి కనిపించింది. దాన్ని చాలాసేపు చూశాడు.

"మొదటిసంది గిట్లనేనా?"

"ఆ మొదటి దసరా తర్వాత నుంచి."

"ఎవలెవలకు ఎర్క?"

"క్లబ్బుల అందరికి."

"పిట్టలు ఇసిరేటోనికి?"

"ఆయనే చేసిండు బావా."

తల ఊపాడు. తర్వాత చాలా నెమ్మదిగా అడిగాడు. "మీ అక్కకు?"

"అక్కకు తెల్వదు" అన్నాను.

"గిప్పుడొచ్చి చెప్పమని ఎవలన్న పంపిండ్రా నిన్ను?"

"ఎవలు పంపలె. నేనే వచ్చిన."

కోర్టులో ఎన్నో అబద్ధాలు విన్నాను. వాటిలో ఒక్కటీ ఇంత తడుముకోకుండా రాలేదు. బావ నన్ను కొట్టి ఉంటే నాకు తేలిక అయ్యేది. ఆయన తుపాకిలోంచి తూటాలు తీసి, నా గంపలో, మిగిలిన పిట్టల మీద పెట్టి లోపలికి వెళ్లాడు. ఆ పూట అన్నం తినలేదు. అక్క నాకు వడ్డించింది, నేనూ తినలేకపోయాను.

తెల్లవారగానే బండి కట్టమన్నాడు. పెట్టెలు ఎక్కించాడు, అక్కను ఎక్కించాడు. తుపాకి గోడకే ఉంది. దాని వైపు చూడకుండా తలుపు దగ్గరకు లాగి, ఎద్దుల ముందు నడుస్తూ కోదాడ దారి పట్టాడు. వెళ్లొస్తానని నాతో చెప్పలేదు. నేను ఆ ఖాళీ వాకిట్లో నిలబడి ఉన్నాను. పని జరిగింది, ఆయన లేచాడు. సంతోషం మాత్రం రాలేదు.

పది దినాలు కాకముందే ఆ ఇంటి మీద పడ్డారు. వచ్చింది పగటివాళ్లో రాత్రివాళ్లో ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పారు. తుపాకి తీసుకుపోయి, మేడ మీది గదికి నిప్పు పెట్టారు. దూలాలతో సహా కూలిపోయింది. ఆ కబురు నాకు కోర్టు మెట్ల మీద అందింది. అక్కడే కూర్చుండిపోయాను.

ఇక బావకు కోపం పోతుందని అనుకున్నాను. ప్రాణం దక్కిందని తెలిశాక మనిషి మెత్తబడడా? కోదాడ వరకు బస్సులో పోయి, అక్కడి నుంచి నడిచి సరిహద్దు దాటాను. అవతలి మొదటి ఊళ్లో ఒక ఇంటి వసారా కిరాయికి తీసుకుని ఉంటున్నారు. ఇంటావిడ గుమ్మంలోనే నన్ను ఆపింది.

"మీ బావగారా? ఎవరితోనూ మాట్లాడరండీ. మా వీధిలో మీ వైపు నుంచి వచ్చినవాళ్లంతా సాయంత్రం చేరి కబుర్లు చెప్పుకుంటారు. ఆయన మాత్రం ఆ మూలనే కూర్చుంటారు. ఎవరైనా ఫక్కున నవ్వితే చాలు, లేచి లోపలికి వెళ్లిపోతారు."

నేను లోపలికి వెళ్లాను. బావ గడ్డం పెరిగి ఉంది. నన్ను చూశాడు. మంచం మీద అటు తిరిగి గోడకు మొహం పెట్టుకున్నాడు.

"బావా, ఇల్లు..." అని మొదలుపెట్టాను.

అక్క చేతిలో పని పడేసి వచ్చింది. వీధికి వినపడేంత గట్టిగా అరిచింది.

"ఇంకేం చూడనీకి వచ్చినవ్? నా మొగన్ని నలుగుట్ల నవ్వులపాలు జేస్తివి. రెండేండ్లు ఆడిపిచ్చి నవ్వుకుంటిరి, అది సాలలేదా? నువ్వు నా తమ్మునివే కాదు. పో!"

ఆమె చెప్పమంటేనే కదా చెప్పాను. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. మంచం మీద ఉన్న ఆ వీపును చూసి మింగేశాను.

వీధి మలుపు దగ్గర వెనక నుంచి అడుగులు వినిపించాయి. అక్క. మా నాన్న చనిపోయినప్పుడు కూడా ఆమె అంతగా ఏడవలేదు. నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఆయన బతికున్నడు తమ్మీ" అంది. "నువ్వే బతికిచ్చినవ్. కానీ నువ్వు కనవడ్డప్పుడల్ల ఆయనకు గదే యాదికొస్తది. ఇగ రాకు. నేను గూడ రాను. నువ్వొక్కనివే చేసినవని ఉండనీ."

"ఎన్ని రోజులు అక్కా?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, ఏమీ కానట్టు కనిపించడానికి కొంచెంసేపు అక్కడే నిలబడి, వెనక్కి వెళ్లిపోయింది.

సైన్యం వచ్చింది, రాజ్యం పోయింది, జనం తిరిగి వచ్చారు. అక్కావాళ్లు ఊరికి పోకుండా మిర్యాలగూడలోనే ఇల్లు కట్టుకున్నారు. అమ్మ పోయినప్పుడు అక్క ఒక్కతే వచ్చి, దినం కాకముందే వెళ్లిపోయింది. వాళ్ల పిల్లల పెళ్లిళ్ల పిలుపులు మా వాడలో అన్ని ఇళ్లకూ వచ్చేవి, మా ఇంటికి తప్ప. నేను బావకు నిజం చెప్పడం తప్పని ఏనాడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. అయినా పిలుపు రాని ప్రతిసారీ ఆ పూట అన్నం ముందు కూర్చోలేకపోయేవాణ్ని. అక్క అన్న మాట మీద నిలబడింది. బావ చాలా ఏళ్లు బతికాడు.